స్కోర్ చెప్పొద్దు, మావ ఇంకా చూడలేదు

నిన్న పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. "అప్పన్న మావ లేడ్రా."

"ఎవరి సావుకెళ్ళాడు?" అన్నాను.

నా తప్పు కాదు. యాంగోన్‌లో మన తెలుగోళ్ళలో ఎవరు పోయినా పాడె ముందు కొమ్ము మా మావదే. ఆ పాడె మీద ఆయనే ఉంటాడని ఎవరనుకుంటారు?

అమ్మ ఏడుపు విన్నాక గానీ అర్థం కాలేదు.

తెలియనివాళ్ళ కోసం: మావ మింగళాడోన్ ఫ్యాక్టరీలో టోపీలు కుట్టేవాడు. అమెరికా బేస్‌బాల్ టీముల టోపీలు. "నాను కుట్టిన టోపీ కింద బుర్రుందో లేదో సూసుకోవద్దేటి?" అని మ్యాచులు చూడ్డం మొదలెట్టి, నీలం టోపీ టీముకి ఫ్యాన్ అయిపోయాడు.

మా పేట సంచౌంగ్ ఫ్యాన్స్ అసోసియేషన్‌కి ఆయన ప్రెసిడెంట్. భయపడి చేరిన ఏకైక మెంబర్ని నేను.

పోయిన ఆదివారం ఫైనల్. అక్కడ అర్ధరాత్రి, ఇక్కడ పట్టపగలు. స్కోర్లు సమానం. ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్. మావ లుంగీ బిగించి మంచం అంచుకొచ్చేశాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

ఇన్సేన్ పేటలో ఒక ముసలమ్మ పోయింది. మోయడానికి ముగ్గురే ఉన్నారట.

"ఇంకో అరగంట ఆగు మావా!"

"ఆవిడ ఆగిందేటి?" అని, దారిలో ఎవరూ స్కోర్ చెప్పకుండా తన ఫోన్ ఆఫ్ చేసి వెళ్ళిపోయాడు.

తర్వాత ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో చెప్పను. నేనరిచిన అరుపుకి పక్కింటి కో మ్యో పరిగెత్తుకొచ్చాడు. అంతవరకే.

సాయంత్రం మావ తలస్నానం చేసి వచ్చేసరికి కరెంట్ లేదు, నెట్ లేదు. మావ ఆర్డర్ పాస్ చేశాడు: "డౌన్‌లోడ్ సేసి ఉంచు. వచ్చే ఆదివారం కుదురుగా కూకుని సూస్తాను. ఈలోగా స్కోర్ సెప్పినోడు నా పాడె ముట్టుకోడానికి ఈల్లేదు."

నా మొహం చూస్తే తెలిసిపోతుందని ఆరు రోజులు గోడవైపు తిరిగి మాట్లాడాడు.

శనివారం తెల్లారకుండానే గుండె ఆగిపోయింది.

ఇవాళ ఆదివారం.

పాడె ముందు కొమ్ము నేను పట్టాను. అర్హత ఉంది, నోరు విప్పలేదు కాబట్టి.

దింపుడు కళ్ళం దగ్గర దింపాం. ఏ మూలైనా ప్రాణముంటే లేస్తాడని, చెవిలో మూడుసార్లు పిలవమన్నారు.

"మావా."

"మావా."

మూడోసారి నోరు చెవికి ఆనించి, "మావా, స్కోర్ చెప్పేస్తున్నా" అన్నాను.

బతికుంటే ఈ బెదిరింపుకి ఎగిరి దూకేవాడు.

లేవలేదు.

అప్పుడు నమ్మాను.

వెనకనుంచి ఓ పెద్దాయన, "సెప్పేయ్ బాబూ, ఆత్మ సాంతిస్తాది" అన్నాడు.

చెప్పలేదు. చెప్పను.

"పాపం, అంత మ్యాచ్ మిస్సయ్యాడు" అంటున్న సభ్య సమాజానికి నా మనవి. మా మావ ఏదీ మిస్సవలేదు. ఒక ముసలమ్మకి నాలుగో భుజం తక్కువైతే, మ్యాచే ఆగాలని తీర్మానించాడు. ఆగింది. ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది. స్కోర్లు సమానం.

కామెంట్లలో ఎవరైనా స్కోర్ రాస్తే డిలీట్ చేస్తాను. బ్లాక్ చేస్తాను.

మీ ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం మోయడానికొస్తాను. నన్ను పెంచిన మనిషి అలాంటోడు.

వెళ్ళిరా మావా. హాయిగా పడుకో.

స్కోర్ నీకెవరూ చెప్పరు. నాదీ పూచీ.