కమాను వంతెన మీద కొత్త పెళ్ళికొడుకు

కాపురానికి తెచ్చుకుంటున్న భార్యను ఏటి అవతల వదిలేసి, తాను హాయిగా వెనక్కి వెళ్ళిపోయిన మొగుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుంటే ఇదిగో, నేనే.

అప్పట్లో బందరు నుంచి గుడివాడ వచ్చే దారిలో ఏటి మీద ఒక కమాను వంతెన ఉండేది. ఒంటె మూపురంలా నిటారుగా లేచేది. నిండు బస్సు దాన్ని ఎక్కలేక మూలిగేది. అందుకని ఇటు బస్సువాళ్ళూ అటు బస్సువాళ్ళూ దిగి వంతెన మీద నడిచి, ఖాళీగా దాటి వచ్చిన తమ బస్సు ఎక్కాలి.

ఆ రోజు పన్నెండు దాటితే వర్జ్యం. ఆలోపే మేమిద్దరం కలిసి మా గడపలో కుడికాలు పెట్టాలి. తోడు రావలసిన మా ఆవిడ వాళ్ళ అమ్మమ్మకి జ్వరం వచ్చినా, అల్లుడుగారున్నారుగా, భయమేమిటన్నారు మామగారు. పాపం, అమాయకుడు.

వంతెన నడుమ ఎదురుపడ్డాడు రంగడు. కాలేజీలో ఇద్దరం కలిసి నాటకాలాడినవాళ్ళం. వాడు భుజం మీద చెయ్యి వేసి కొత్త నాటకంలో పద్యం ఎత్తుకున్నాడు. తాళం వేస్తూ వాడితో నడిచాను. నాటకాల పిచ్చోడికి దిక్కులు నాలుగూ ఒకటే. బస్సెక్కి, మైలు దూరం వచ్చేదాకా పద్యాలే. అప్పుడు కండక్టరు నా టిక్కెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది గుడివాడ టిక్కెట్టండి. బస్సు బందరుది."

"మరి మా ఆవిడ?"

"ఆ సంగతి మాకు తెలీదండి."

దిగి పరుగెత్తాను. వంతెన దాటేసరికి మా బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి వర్జ్యం వచ్చి కూర్చుంది. మా ఆవిడ కూడా వీధరుగు మీద ట్రంకుపెట్టె పక్కన కూర్చునే ఉంది, మొగుడు లేకుండా గడప దాటకూడదు కనక. మావాడేడమ్మా అని మా అమ్మ అడిగితే బందరు వెళ్ళారండీ అందట. ఎందుకని అడిగితే చెప్పలేదండీ అందట. హారతిపళ్ళెం పట్టుకునే అమ్మ నన్ను కడిగిపారేసింది.

వర్జ్యం వెళ్ళాక, సాయంత్రం లోపలికి అడుగుపెట్టాం. తప్పంతా నాదే అయినా, మగాణ్ణి కదా, గొంతు పెంచాను.

"నేను వెళ్ళిపోతుంటే పిలవొచ్చుగా?"

"ఏవండీ అని పిలిచాను. వంతెన మీద మగాళ్ళందరూ తిరిగి చూశారు, మీరు తప్ప."

"పేరు పెట్టి పిలవాల్సింది."

ఆవిడ తల దించుకుంది.

"పెట్టే పిలిచానండీ. రెండుసార్లు."

తర్వాత యాభై ఏళ్ళు కాపురం చేశాం. మొగుడి పేరు పలికితే ఆయుక్షీణమని నమ్మిన మనిషి, మళ్ళీ ఒక్కసారైనా నా పేరెత్తలేదు. ఎంత బతిమాలినా నవ్వి ఊరుకునేది. ఇప్పుడు ఆవిడ లేదు. అక్కడ వెడల్పాటి వంతెన వేశారు, ఎవరూ బస్సు దిగనక్కర్లేదు. నేను మాత్రం దిగుతాను. ఏటి గాలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ జన్మలోనూ వంతెన మీద పద్యాలు వినను. ఆవిడ నా పేరు పిలిచిన ఆ రెండుసార్లూ నేను రంగడికి తాళం వేస్తున్నాను.