దివాన్ మూత

2022 వేసవిలో కొలతలు తీసుకోవడానికి ధర్మవరంలోని ఒక పట్టుచీరల ఇంటికి వెళ్లాను. ముందుగది దుకాణం, వెనక మగ్గాలు. నేను మెకానికల్ డిప్లొమా చేసి, హిందూపురంలో సోఫాలు, దివాన్‌లు తయారుచేస్తుంటాను. ఆ ఇంట్లో ఎవరో చేసిచ్చిన పాత దివాన్ మెత్త కుంగిపోయింది.

అది బాక్స్ దివాన్. మెత్త బిగించిన పలకే మూత. కింద చీరలు దాచే పెట్టె. మూత అంచుకు గాస్కెట్, అంటే సందు మూసే రబ్బరు పట్టీ. ముందువైపు స్ప్రింగ్ లాచ్: మూత పడితే దానంతటదే బిగుస్తుంది, బయటినుంచే తెరవాలి.

నేను టేపు తీసేసరికి ఇంటి పెద్దావిడ వచ్చి దివాన్ మీద కూర్చుంది.

“దివాన్ దివాన్ అంటారు గదప్పా, ఆ పేరు యాడిది?”

“పారసీ మాట అవ్వా. మొదట లెక్కల దస్తరం. తర్వాత దస్తరాలుండే కచేరీ. ఆ కచేరీలో గోడవెంట మెత్తలేసిన పొడుగు ఆసనానికీ అదే పేరొచ్చింది. మన దివాణం కూడా అదే.”

“అట్లనా! అయితే దివాణంలో కూచోని తీర్పు చెప్తాండా, విను. నువ్వు రేటు ఎక్కువ చెప్తాండావు.”

ఇద్దరం నవ్వుకున్నాం. అప్పుడే కోడలు వచ్చింది.

“అత్తా, పాప యాడ?”

“నీ కాడే ఉండాదనుకుంటినే!”

కోడలు పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ పట్టుకు రంగు అద్దే తొట్లున్నాయి. మగ్గాలు ఆగిపోయాయి. ఎవరో వెదురుకర్రతో రంగునీళ్ల అడుగున వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే: ఐదేళ్ల పిల్ల పట్టే చోట్లను వరసగా చూసి, లెక్కలోంచి కొట్టేసుకుంటూ పోవడం. బీరువా నిండుగా ఉంది. నీళ్ల డ్రమ్ము అడుగంటింది. చాప మీద, పొద్దున బేరానికి తీసిన చీరల దొంతరలు. అవన్నీ బయటుంటే పెట్టె ఖాళీ.

“అవ్వా, లేయండి.”

“ఏంటికప్పా?”

చేయి పట్టి లాగేశాను. చెమటకు లాచ్ మీద వేళ్లు జారాయి. మూత లేవగానే వేడిగాలి మొహానికి కొట్టింది. పాప ఒక మూల ముడుచుకుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. నేలమీద పడుకోబెట్టి, వర్క్‌షాప్ ట్రైనింగ్‌లో నేర్పినట్టు గడ్డం ఎత్తి నోట్లోకి ఊపిరి ఊదాను. ఛాతీ లేచి పడిపోయింది. మళ్లీ ఊదాను. తల్లి పెరట్లోంచి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చింది. అప్పుడు పాప దగ్గింది.

ఆసుపత్రికి తీసుకెళ్లారు. పాప కోలుకుంది. ఆ రోజు వాళ్లు ఆసుపత్రికి వెళ్లాక మూత లోపలివైపు చూశాను. ప్లైవుడ్ మీద సన్నటి గోళ్ల గీతలు. మందపాటి ఫోమ్ చప్పుడును మింగేస్తుంది. మిగిలిన కాస్తను మగ్గాలు మింగేశాయి. మేము మాట పుట్టుక చెప్పుకుని నవ్వుతున్నప్పుడు పాప అవ్వ కూర్చున్న మూత కిందే ఉంది.

ఇప్పుడు నేను చేసే పెట్టెకు లాచ్ ఉండదు. వెనకపలకకు గాలి రంధ్రాలు ఉంటాయి. అవి వద్దన్నవాళ్ల పని ఒప్పుకోను. ఏ ఇంటికి వెళ్లినా పలకరింపులకు ముందే మూత ఎత్తి చూస్తాను.

“ఏమప్పా, ఏం పోగొట్టుకున్నావు?” అని నవ్వుతారు. లోపల దుప్పట్లు కనబడేదాకా నాకు నవ్వు రాదు.