ఇత్తడి ఇంజనులో నాయన మొహం

మా తమ్ముడు చిన్నసామి పోయాడు. ఈ మాట చెప్పి రాయమంటే నా మనవరాలు కవిత పెన్ను పట్టుకుని ఊరికే కూర్చుంది. "రాయవే, రాస్తేనే గదా నేను నమ్మేది" అన్నాను. ఇప్పుడు రాస్తోంది. నేను చెప్తున్నాను. వాణ్ణి ఎరిగినవాళ్ళు కోయంబత్తూరులోనూ మదురలోనూ చాలామంది ఉన్నారు. ఎరగనివాళ్ళ కోసమే ఇది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం అన్నం తిని మేడమీది గదికి వెళ్ళినవాడు మూడు గంటల కాఫీకి దిగలేదు. మరదలు సరోజ పైకి వెళ్ళి చూసింది. బల్ల ముందు కూర్చునే ఉన్నాడట. కుడి కంట్లో బిగించిన భూతద్దం అలాగే ఉంది. చేతిలో చిన్న స్క్రూడ్రైవరు, ఎదురుగా వాడు కట్టిన ఇత్తడి రైలింజను. ఊరికి అటుపక్క ఆర్.ఎస్. పురంలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"ఒదినే, ఆయన పలకలా."

"పనిలో ఉంటే వాడు ఎప్పుడు పలికినాడు? ఇంకొక తూరి పిలువు" అన్నాను.

అది పిలిచింది. ఫోనులో నాకు వినబడింది. ఆ పిలుపు ఇంకా నా చెవిలోనే ఉంది.

వాడు పంపుల ఫౌండ్రీలో పాటర్న్ మేకరు. అంటే ఇనుము కరిగించి పోయడానికి ముందు ఆ వస్తువు ఆకారాన్ని కొయ్యలో చెక్కేవాడు. కరిగిన లోహం చల్లారితే కొంచెం కుదించుకుపోతుంది కాబట్టి కొయ్యని ఆ మేరకి పెద్దగా చెక్కాలి. దానికోసమే గీతలు కాస్త దూరంగా కొట్టిన ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది. ఒకసారి పొరబాటున ఆ స్కేలుతోనే ఇంట్లో పూజగూటికి తలుపు చేశాడు. ఈరోజుకీ అది మూసుకోదు. "ఈ తలుపు ఎప్పుడు చల్లారతాది, ఎప్పుడు మూసుకుంటాది?" అని సరోజ ముప్పై ఏళ్ళు ఎగతాళి చేసింది. వాడు నవ్వేవాడు. "మనిషీ అంతే అక్కా, వేడిగా ఉండంగా పెద్దగానే ఉంటాడు. చల్లారితేనే అసలు కొలత" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ముఖ్యమైన కొలత ఏదైనా సరే, మూడు వేరువేరు రోజుల్లో తీసేవాడు. మూడూ ఒకటైతేనే కొయ్యమీద ఉలి పెట్టేవాడు. వాడు నన్ను నాయన గురించి అడిగినప్పుడు ఈ అలవాటు సంగతి నేను తలుచుకుని ఉండాల్సింది.

మా నాయన మదుర నుంచి బోడి వైపు వెళ్ళే బండికి ఇంజను డ్రైవరు. నాకు ఆరేళ్ళప్పుడు, చిన్నసామి ఇంకా అమ్మ కడుపులో ఉండగానే, జ్వరంతో పోయాడు. ఫోటో దిగితే ఆయుసు తగ్గుతుందని ఆయన ఒక్క ఫోటో కూడా దిగలేదు. ఆయుసు ఎలాగూ తగ్గింది, ఫోటో కూడా లేకపోయింది. మిగిలింది ఇంజను మీద మంచినీళ్ళకి పెట్టుకునే ఇత్తడి చెంబు ఒకటే. పోయిన పెద్దలకి పెట్టుకునే ఆడి అమావాస్యకి ఆ చెంబుకే పంచె చుట్టి, బొట్టు పెట్టి, నాయనా రా అని పిలిచి అన్నం పెట్టేవాళ్ళం. అమ్మ మమ్మల్ని కోయంబత్తూరుకి, మామ ఇంటికి తెచ్చి పెంచింది. అమ్మ మంచి మనిషే. కానీ నన్ను ఎప్పుడూ నేరుగా చూసి మాట్లాడేది కాదు. తల దువ్వినా వెనకనుంచే, అన్నం పెట్టినా కంచం వైపు చూసే. ఆడపిల్లనని ఇష్టం లేదేమో అనుకుంటూనే పెరిగాను.

చిన్నసామి రిటైరయ్యాక వాడి కూతురు ఇంగ్లండు నుంచి ఒక పెట్టె తెప్పించి ఇచ్చింది. తెరిస్తే పల్చని ఇత్తడి రేకులు, నంబర్లు వేసిన పొట్లాలు, లావుపాటి పుస్తకం. రేకులో గీసి ఉన్న ముక్కల్ని ఒక్కొక్కటే విడదీసి, వంచి, టంకం వేసి అతికితే నిజంగా ఆవిరితో నడిచే ఇంజను అవుతుంది. నువ్వుగింజంత రివెట్లు. ఒక్కోదాన్ని వెనకనుంచి సూదితో పొడిచి లేపాడు. నాలుగేళ్ళు పట్టింది. చక్రాలు, పిస్టన్లు, బాయిలరు, కింద స్పిరిట్ దీపం అన్నీ కుదిరాయి. ఒక్కటే లేదు.

"ఇంజను ఉండాది, నడిపేవాడు లేడక్కా" అన్నాడు ఒకరోజు. "నాయనని చేసి పెడతా. చెంబు కరిగించి పోస్తా. నువ్వు సరంటేనే. నువ్వు చూసినావు గదా, మొహం ఎట్లుండేది చెప్పు."

నాకు గుర్తు లేదు. బొగ్గు వాసన గుర్తుంది, చల్లటి చెంబు చెంపకి ఆనించడం గుర్తుంది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. కానీ చిన్నప్పటినుంచీ వాడి ముందు నాయన భుజమెక్కినాను, మీసం లాగినాను అని గొప్పలు పోయినదాన్ని. డెబ్బై ఏళ్ళు దాటాక తెలియదని ఎలా చెప్పేది? నోటికొచ్చింది చెప్పేశాను. వెడల్పాటి నుదురు, పొడుగు ముక్కు, ఎడమ చెంప మీద మచ్చ. వారం పోయాక మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఇంకో వారానికి మళ్ళీ అడిగాడు. కాగితం మీద రాసుకుంటూ నా వైపే కన్నార్పకుండా చూసేవాడు. నా నోటి మాటకి అంత విలువిస్తున్నాడని మురిసిపోయాను కూడా.

చెంబు కరిగించాడు. డ్రైవరుకి వేలెడు ఇత్తడి చాలు. మిగిలినది చిమ్నీగా, కూత గొట్టంగా పోశాడు. ఒక్క బొట్టు పారేయలేదు. ఆ బొమ్మని నా అరచేతిలో పెట్టాడు. ఆ మొహం నాకు తెలుసు. ఎక్కడో చూశాను. నేను కల్పించి చెప్పిన మొహం నాకెలా తెలుసు?

"సరిగా ఉండాదా అక్కా?"

"అచ్చం నాయనే" అన్నాను.

ఆడి అమావాస్య పొద్దున మేడమీద గుండ్రంగా పట్టాలు పరిచి ఇంజను నడిపాడు. నాయన ముందుకి చూస్తూ బయలుదేరాడు. నాలుగు చుట్లు తిరిగి వచ్చేసరికి నా వైపుకి తిరిగిపోయి ఉన్నాడు.

"కాళ్ళ కింద స్క్రూ లూజు" అని చిన్నసామి బిగించాడు. మళ్ళీ నడిపితే మళ్ళీ నా వైపే. కుర్చీ అటు పక్కకి జరుపుకున్నాను. ఇంజను ఆగేసరికి బొమ్మ అటే తిరిగి ఉంది.

"అదురుకి తిరగతాది అక్కా, అది సరి. నువ్వు యా పక్క కూర్చుంటే ఆ పక్కకే ఎట్ల తిరగతాదో, దానికి నా దగ్గర కొలత లేదు" అన్నాడు.

సరోజ నవ్వింది. "కూతుర్ని చూస్తా ఉండాడు ఒదినే, చూడనీ."

నాకు నవ్వు రాలేదు. నాయన చెంబుని కరిగించి, అబద్ధపు మొహం పెట్టించాను. నాయన పరాయి మొహంలో చిక్కుకుని, ఇది ఎవరి మొహమే అని నన్ను అడుగుతున్నట్టుండేది. ఎన్నోసార్లు నిజం చెప్పాలనే బస్సెక్కి వెళ్ళాను. వాడు ఆ బొమ్మకి బొట్టు పెట్టడం చూసి, కాఫీ తాగి, ఊరికే వచ్చేశాను. అలా రెండేళ్ళు గడిచాయి. వాడు పోయిన రోజు కూడా ఆ స్క్రూనే బిగిస్తూ ఉన్నాడు.

ఆ సాయంత్రం వాణ్ణి ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. అద్దంలోనుంచి చూశాను. బుగ్గలు లోపలికి పోయి, ముక్కు పొడుగై, మనిషి తగ్గిపోయి ఉన్నాడు. చల్లారితేనే అసలు కొలత. ఆ పెట్టెలో ఉన్నది బొమ్మ మొహమే. గీతకి గీత అదే. నా అబద్ధం వెళ్ళి నా తమ్ముడి మొహాన కూర్చుందని అరిచాను. దుఃఖంలో ఏదో అంటోందని అందరూ నన్ను పక్కకి తీసుకుపోయారు.

పదహారో రోజు కర్మ అయ్యాక సరోజ ఇంజనునీ దాని పెట్టెనీ నాకు ఇచ్చేసింది. పెట్టె అడుగున, ఇంగ్లీషు పుస్తకంలో ఒక కాగితం ఉంది. మాట్లాడేది తెలుగైనా మేము రాసేది అరవమే. కవిత చదివి వినిపించింది. మూడు తేదీలు, మూడు వరసలు. మచ్చ ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, ఒకసారి గడ్డం మీద. కింద వాడి మాట:

"మూడు దినాలు, మూడు మొహాలు. అక్కకి గుర్తు లేదు. చెప్తే బాధపడతాది, చెప్పొద్దు. అమ్మ పోయేముందర నాతో అన్నింది: దాని మొహం అచ్చం మీ నాయనదేరా, చూస్తే తట్టుకోలేకనే దాన్ని నేరుగా చూడలేకపోతిని అని. అక్క మాట్లాడతా ఉండంగా నేను అక్క మొహమే కొలిచినా. మూడు తూర్లూ ఒకటే కొలత."

కవిత చదవడం ఆపేసింది. నేను లేచి బీరువా అద్దం ముందు నిలబడ్డాను. మీసం ఒక్కటే తక్కువ.

చిన్నసామీ, తప్పు నాది. కోపం రావాల్సినవాడివి నువ్వు. నన్ను నొప్పించకుండా నా మొహంలోనుంచే నాయనని తీసి నా చేతిలో పెట్టావు. అమ్మ చూపు కూడా నాకు తిరిగి తెచ్చి ఇచ్చావు. నీలాంటి చేయి మళ్ళీ పుట్టదు. నన్ను అక్కా అని పిలిచే గొంతు ఈ లోకంలో ఇంక లేదు. నీకు నా నమస్కారం. చిన్నవాడికి పెద్దది దండం పెట్టకూడదంటారు. పెడుతున్నాను.

ఇంజను ఇప్పుడు మా ముందుగదిలో, గాజుబీరువాలో ఉంది. వీధి వైపు తిప్పి పెట్టాం. దీపం వెలిగించలేదు, ఆవిరి లేదు, అదురు లేదు. ఇది చెప్పిస్తూ ఇప్పుడే అటు చూశాను. నాయన నా కుర్చీ వైపే చూస్తున్నాడు.

"స్క్రూ బిగించనా అవ్వా?" అంటోంది కవిత.

వద్దులేవే. చూడనీ.