లక్కతో అతికిన తెడ్డు

మాది లాల్‌దర్వాజా. బాపుకు లాడ్ బజార్‌లో చిన్న లక్కగాజుల దుకాణం. గాజులు మాత్రం ఇంట్లోనే, కుంపటి ముందు కూర్చుని చేసేవాడు. నేను హుస్సేన్ సాగర్‌లో కయాక్ పడవ నడపడం నేర్చుకోవడం ఆయనకు బొత్తిగా నచ్చలేదు. "ఇంట్ల అన్నం తెడ్డు వట్టది గని, చెర్ల తెడ్డు తిప్పుతదంట" అని చుట్టాల ముందు నవ్వేవాడు.

నాకున్నది ఒకటే తెడ్డు, ఎవరో వాడి అమ్మేస్తే కొన్నది. రెండు ముక్కలు, ఒక్కోదాని కొసకు ఒక రెక్క, మధ్యలో ఒక గొట్టం ఇంకోదాంట్లోకి దూరుతుంది. ఆ అతుకు అరిగి వదులైంది. గట్టిగా నీళ్ళు తోస్తే రెక్క పక్కకు తిరిగేది. ఆదివారం రాష్ట్ర జట్టు ఎంపిక. నా వయసుకు అదే ఆఖరి అవకాశం. శనివారం పొద్దున చెప్పులు వేసుకుంటుంటే బాపు అడిగాడు.

"ఎటు వోతున్నవ్?"

"గిది ఊగుతుంది బాపు. జిగురు తెస్త."

"చేతుల వెన్న వెట్టుకొని నెయ్యికి ఊరంత తిరుగుతవా? ఇటు తే."

ఆయన ఆ తెడ్డును ముట్టుకోవడం అదే మొదటిసారి. అందుకే వద్దనలేకపోయాను. గొట్టానికి దారం చుట్టి, ఎర్ర లక్క కరిగించి పూసి, నేను చూపించినట్టు రెక్కలు తిప్పి బిగించాడు. చల్లారాక ఇద్దరం చెరో కొస పట్టుకుని మెలితిప్పాం. కదల్లేదు.

"ఇగ ఫికర్ లేదు బిడ్డా. రేపు నేను గూడ వస్త," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆదివారం నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా ఆ నల్ల గొట్టాల తెడ్డు గట్టుమీద, ఎండలో పడి ఉంది. నా తలకు టోపీ పెట్టుకున్నాను, తెడ్డుమీద తువాలైనా కప్పలేదు. పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. లక్క వాసనలో పెరిగినదాన్ని, అప్పుడైనా తట్టాలి కదా!

సగం దూరం దాకా రెండోస్థానంలో ఉన్నాను. ఒక్కసారిగా కుడి రెక్క గిర్రున తిరిగి, కత్తిలా నీళ్ళలోకి దిగిపోయింది. దానితోపాటు నేనూ.

ఒడ్డుకొచ్చేసరికి ఇస్త్రీ చొక్కాలో బాపు పక్కవాళ్ళకు చెబుతున్నాడు. "పోరి భయవడ్డది." నా అరచేతికి ఎర్రగా లక్క అంటుకుని ఉంది. ఆయన చూశాడు. చూసి, మళ్ళీ అదే మాట అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అయినా నలుగురిలో ఆ చెయ్యి చాపలేక పిడికిలి బిగించుకున్నాను. చుట్టాలకు ఇప్పటికీ అదే చెబుతాడు, భయపడ్డానని. నేను క్షమించలేదు.

ఆ వారంలోనే దుకాణానికి అన్నం గిన్నె తీసుకెళ్ళాను. ఎవరో ఆవిడకు గాజులు కాగితంలో చుట్టిస్తూ, కొన్న ప్రతి ఒక్కరికీ చెప్పే మాటే చెబుతున్నాడు. "ధూప్ మే మత్ రఖో అమ్మా..."

ఎండలో పెట్టొద్దని. అంతలో నన్ను చూశాడు. ఆగి, గొంతు తగ్గించి, మిగతా సగం కూడా చెప్పాడు.

"...లాఖ్ నరమ్ హోజాతీ." లక్క మెత్తబడుతుందని.