తెగొచ్చిన లంక నేల

ఆయ్, నేను లా పాసయ్యానండి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. నిడదవోలు స్టేషన్లో ఫోన్లో రిజల్టు చూసి, పక్కన కూర్చున్న ముసలాయనకే ముందు చెప్పేశాను.

"అయితే చెప్పమ్మా. వరదకి అవతలి లంక నేల తెగొచ్చి మా గట్టుకి అతుక్కుంటే ఎవరిది?"

"మెల్లగా ఒండ్రు మేటేస్తే అల్యూవియన్, గట్టువాళ్లది. ఒక్కసారిగా తెగొస్తే అవల్షన్, పాతవాళ్లదే. పేర్లు ఒకేలా ఉంటాయి గానీ తీర్పు వేరండి."

"మాకాడ ముందు విత్తనం చల్లినోడిదే. నేను చల్లాను. పాతాయన నాగలి కట్టుకొస్తే కత్తితో మెడమీద నరికాను. జైలుకెళ్లాను గానీ, నేల నాదేననుకున్నాను."

ఆయన నా ఫోన్ అడిగి, నాచేత ఒక నెంబరు నొక్కించారు. "బాబూ, మీ నాన్నని చంపినోణ్ణి. ఆ నేల మీవాళ్లదే" అని పెట్టేశారు.

ఇవాళ నేను చేసిన మొదటి కాల్ అదే. అమ్మకి, చిన్నాన్నకి, ట్యూషన్ మేడంగారికి, జిరాక్స్ షాపు అన్నయ్యకి ఇంకా చెయ్యాలి.