గంట ఒక దారి, మాట ఒక దారి

మా ఆఫీసులో టీ చల్లగా వస్తుంది. మేడ్చల్ పారిశ్రామికవాడలో టీ గురించి ఫిర్యాదు లేని ఆఫీసు ఉంటే అందులో టీ ఇవ్వరని అర్థం, కాబట్టి దీన్ని నేను పెద్దది చేయదలచుకోలేదు. కానీ మునుపు వేడిగానే వచ్చేది. కొత్త ఫోన్లు పెట్టించిన దగ్గర్నుంచి చల్లబడింది.

మాది రంగుల కంపెనీలకు ద్రావకాలు డ్రమ్ముల్లో నింపి పంపే చిన్న సంస్థ. నేను చదివింది ఎలక్ట్రానిక్స్, చేసేది స్టోర్స్ పని. చదివిన పాపానికి ఫోన్లు కూడా నాకే అంటగట్టారు. రోజూ శామీర్‌పేట నుంచి బండి మీద వస్తాను. గాలి జవహర్‌నగర్ వైపు నుంచి వీస్తే చెత్తకుప్ప వాసన, లేకపోతే మా సొంత వాసన. మాది తియ్యగా ఉంటుంది, మాగిన పండులాగా. కొత్తగా చేరినవాళ్లు బాగుందంటారు. పాతవాళ్లు అది కాస్త ఎక్కువైతే మాట మధ్యలో ఆపి షెడ్డు వైపు చూస్తారు.

షెడ్డు ఆవరణ చివర, వెనక గోడను ఆనుకొని ఉంటుంది. అందులో ఒక్కడే మనిషి, సూరారం నుంచి వచ్చే అన్న. డ్రమ్ముల మూతలు బిగించడం, లారీకి లెక్క అప్పజెప్పడం, ద్రావకాల ఆవిరిని బయటికి లాగే పంకా ఆగకుండా చూసుకోవడం ఆయన పని. నిప్పురవ్వ భయంతో అక్కడికి సెల్‌ఫోన్ పోనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్లాలి. లోపల గోడకు మందపాటి ఇనుప పెట్టెలో ఒక పాత ఫోన్ ఉంది. రవ్వ పుట్టకుండా ప్రత్యేకంగా చేసిన రకం. ఆ షెడ్డులో ఉన్న మనిషి బయటివాళ్లను పిలవాలంటే అదొక్కటే దారి.

ఇంటర్నెట్ తీగ మీద నడిచే ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే రెండింటికీ తెలిసిన భాష ఒకటి ఉండాలి. దాన్ని ప్రమాణం అంటారు. కొత్త ఫోన్ల భాష పేరు సిప్. షెడ్డులోని పాతదానికి వచ్చిన ఏకైక భాష హెచ్ త్రీ ట్వెంటీ త్రీ. సిస్టమ్ అమ్మినవాళ్ల కాగితంలో రెండింటి ఎదురుగానూ టిక్కు ఉంది. ఇంకా నేను పేరు కూడా వినని భాషల ఎదురుగానూ ఉంది. పెళ్లిచూపుల్లో అబ్బాయికి ఈత వచ్చా, వంట వచ్చా అని ఏది అడిగినా మేనత్త తల ఊపినట్టు.

రెండు భాషల మధ్య దుబాసీలాగా ఒక డబ్బా బిగించారు. ఈ ఫోన్లలో గంట మోగించే కబురు ఒక దారిన పోతుంది, మాట ఇంకో దారిన పోతుంది. డబ్బా గంటను చక్కగా చేరవేసింది. మాటను ఒక వైపే చేరవేసింది. మేము చెప్పేది షెడ్డులో వినబడుతుంది, షెడ్డులో చెప్పేది మాకు వినబడదు. మా కంపెనీలో ఫోన్లు లేనప్పుడూ ఇదే పద్ధతి కాబట్టి కొన్నాళ్లు ఎవరూ గమనించలేదు.

షెడ్డు నుంచి గంట మోగినప్పుడు ఆఫీసులో రిసీవర్ నేనే ఎత్తి చెవికి పెట్టుకొని విన్నాను. కనీసం గరగర కూడా లేదు. అవతల అన్న మాట్లాడుతున్నాడని తెలుసు, నోరు కదులుతూ ఉంటుందని తెలుసు. పాడుబావిలో రాయి వేసి, చప్పుడు రాకపోయినా ఇంకా వంగి చూస్తున్నట్టు అనిపించింది. గబుక్కున పెట్టేశాను.

అమ్మినవాళ్ల ఇంజనీరు వచ్చి ఏవో మార్చాడు. మళ్లీ వచ్చి మార్చినవి మార్చాడు. షెడ్డులో పెట్టదగ్గ కొత్త ఫోన్ కావాలంటే భద్రతా విభాగం ఆమోదం రావాలి. అది 'వస్తాంది'.

ఈలోగా మావాళ్లు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. మిస్డ్ కాల్ మీద సంసారాలు నడిపినవాళ్లకు మాట లేని ఫోన్ ఒక లెక్కా? అన్న ఒకరోజు రిసెప్షన్ బల్ల ముందు నిలబడి, యాప్రాల్ నుంచి వచ్చే రిసెప్షన్ అమ్మాయితో ఒప్పందం చేసుకున్నాడు.

"ఒక్కపారి మోగి ఆగితే లారీ వచ్చిందన్నట్టు. రెండు పార్లయితే చాయ్ తోలు. ఆగకుంట మోగితే సంతకం గావాలె, మేనేజర్ సారును తోలు."

"మరి నేను ఎత్తాల్నా అన్నా?"

"ఎత్తి ఏం జేస్తవ్ చెల్లె? నేను జెప్పేది నీకు వినబడదు. నువ్వు తిట్టేది నాకు వినబడ్తది. ఎత్తకు."

అప్పట్నుంచి రెండుసార్లు మోగగానే టీ బండి ముందు షెడ్డుకు వెళ్లి, తలుపు బయట అన్నకు పోసి, ఆవరణంతా తిరిగి మా దగ్గరికి వచ్చేది. మా మేనేజర్ గారికి ఈ ఏర్పాటు తెగ నచ్చింది. ఫోన్ సంగతి నేను గుర్తు చేసినప్పుడల్లా, "పని నడుస్తుంది కదయ్యా" అనేవారు. నడిచేది. నాకు నచ్చనిది కూడా అదే.

ఒక మధ్యాహ్నం టీ వేడిగా వచ్చింది.

నాలుక కాలింది. సంతోషపడ్డాను. గ్లాసు పట్టుకొని రిసెప్షన్ దాకా వెళ్లి, "ఏంది చెల్లె, ఇయ్యాల మా అదృష్టం?" అన్నాను.

"షెడ్డు అన్న చాయ్‌కి కొట్టలే సార్. ఇందాక సంతకానికి మస్తు సేపు మోగిచ్చిండు. సారు అన్నం తింటుండు, తిన్నంక పోతడు."

"ఆయన ఆపిండా, అదే ఆగిందా?"

"ఎవలకెరుక సార్? ఆగింది."

సంతకం లారీకి పెడతారు. గేటు వైపు చూశాను, లారీ లేదు. కిటికీ తీశాను. లోపలికి వచ్చిన గాలి జవహర్‌నగర్ వాసన వేస్తే బాగుండునని నా జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. అది తియ్యగా ఉంది.

వాచ్‌మన్‌ను కేకేస్తూ పరుగెత్తాను. షెడ్డు దగ్గర పంకా చప్పుడు లేదు. లోపల ఒక డ్రమ్ము పక్కకు ఒరిగి, నేలంతా తడిగా ఉంది. అన్న ఫోన్ కిందనే గోడకు జారిపడి కూర్చున్నాడు. రిసీవర్ తీగకు వేలాడుతోంది. ఆయన పెదవులు దాని వైపే కదులుతున్నాయి. తడిపిన తువ్వాలలు ముక్కుకు కట్టుకొని, ఊపిరి బిగబట్టి, ఇద్దరం ఆయన్ని చంకల కింద పట్టి బయటికి ఈడ్చాం.

బతికాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక గొంతు బొంగురుపోయింది, మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కుతున్నాడు. రిసెప్షన్ అమ్మాయి చాలా రోజులు ఆయన కళ్లలోకి చూడలేదు. ఆ రోజు ఆమె ఫోన్ ఎత్తినా ఏమీ వినబడేది కాదని నేను చెప్పాను. దానివల్ల ఆమెకు ధైర్యం వచ్చినట్టు లేదు. నాకూ రాలేదు.

మీటింగ్ పెట్టారు. అమ్మినవాళ్ల ఇంజనీరు తన ల్యాప్‌టాప్ మా వైపు తిప్పి, "గంట అయితే మోగింది కద సార్. మా సిస్టమ్‌లో ఏ ప్రాబ్లమ్ లేదు" అన్నాడు. కాగితంలో టిక్కు ఉందని కూడా గుర్తు చేశాడు. కొత్త ఫోన్ ఆమోదం ఇంకా వస్తాందని తెలిసింది. అంతవరకు ఏదో ఒకటి చేయాలి కాబట్టి మేనేజర్ గారు పాత ఒప్పందాన్నే కంపెనీ నియమంగా మార్చారు. ఆగకుండా మోగితే ఆపద అని పెట్టొచ్చు కదా అన్నాను. అది సంతకానికి అలవాటైపోయింది, ఇప్పుడు మారిస్తే అందరూ గందరగోళపడతారన్నారు. ఆపదకు కొత్తగా మూడుసార్లు మోగించడం కేటాయించారు. మోగించి పెట్టేయాలి, మళ్లీ మోగించి పెట్టేయాలి, మళ్లీ మోగించాలి.

ఎర్ర అక్షరాలతో అచ్చువేసి, ప్లాస్టిక్ తొడిగిన ఆ అట్టను షెడ్డులో ఫోన్ పైన అతికించే పని నాకే వచ్చింది. మేనేజర్ గారు పక్కన నిలబడి వంకర లేకుండా చూశారు. పంకా తిరుగుతోంది. అన్న డ్రమ్ము మీద చెయ్యి ఆనించి, అట్టను పైనుంచి కింది దాకా చదివాడు. ఒకసారి దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"ఊపిరాడనోడు మూడు పార్లు ఎట్ల జేస్తడు సార్?"