డాట్ కామ్ ప్లాటు

ఈ అరబ్బు దేశంలో నా డ్యూటీ దిగి, అల్ మవాలేలో బస్సెక్కాను. పక్క వరుసలో బిల్డింగ్ పని డ్యూటీ దిగినాయన, తన హెల్మెట్ మీద పెయింటుతో రాసుకున్న వెబ్‌సైట్ పేరును తాళంచెవితో గీకేస్తున్నాడు.

“ఎందుకన్నా చెరిపేస్తున్నారు?” అని అడిగాను.

నా నర్సు యూనిఫాం చూశాడు. “తెలుగోళ్లకు ఈడ రూములు చూపెట్టే సైటు పెడదామనుకున్న సిస్టర్. పేరు కొంటే ప్లాటు కొన్నట్టే, రోడ్డు పడంగనే రేటొస్తదని మా రూమ్మేటే కొనిపిచ్చిండు. రెండేండ్ల సంది పట్టుకొని కూసున్న.”

“రేటు రాలేదా?”

“రోడ్డు ఫేస్‌బుక్ దిక్కు పడ్డది. గదే పేరు మీద వాడే ఆడ పేజీ తెరిచిండు. జనమంతా ఆడనే. ఇగ నా డాట్ కామ్ ఎవనికి గావాలె? ఒక్క కంచంల తిన్నోడు సిస్టర్, వాడు.”

హెల్మెట్ మీద ఇంకా చెరగని అక్షరాలు చదివాను. సీబ్‌లో నా గది దొరికింది ఆ పేజీలోనే. మా హాస్పిటల్ నర్సులందరి చేతా దానికి లైకులు కొట్టించింది నేనే.

“మీకు రూము ఎట్ల దొరికింది?” అన్నాడు.

“చర్చిలో ఎవరో చెప్పారన్నా.”

ఆయన ముఖం తేటపడింది. “మంచిగ చేసిన్రు సిస్టర్. మీరొక్కరన్నా వాని పేజీల చూడలే.”